ఆటోమేటిక్ గేర్‌బాక్స్: ఇంటి మరమ్మతు

క్లచ్ పెడలు లేని కారులో, వేగాన్నీ ఇంజను మీద పడే భారాన్నీ చూసుకుని తనంతట తానే గేరు మార్చుకునే యంత్రం ఆటోమేటిక్ గేర్‌బాక్స్. దాన్ని సర్వీసు సెంటరుకు పంపకుండా యజమానే ఇంటి దగ్గర బాగుచేసుకోవడం ప్రధానంగా అమెరికా అలవాటు. అక్కడ కూలి ఖరీదెక్కువ, చాలా ఇళ్లకు ఆనుకునే కారు గది ఉంటుంది, పెద్ద పనిముట్లు అద్దెకు దొరుకుతాయి. తెలుగు ప్రాంతాల్లో మెకానిక్ కూలి తక్కువ. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లారీ గేర్‌బాక్సును మధ్యాహ్నానికల్లా విప్పి పరిచేవాళ్లున్నారు. అయితే వాళ్లలో ఎక్కువమంది చేయి తిరిగింది మాన్యువల్ పెట్టెల మీద. ఆటోమేటిక్ కారు యజమాని షెడ్డుకు వెళ్లినా ఇంట్లో స్పానర్ పట్టినా, లోపల ఏం జరుగుతోందో కాస్త తెలిసి ఉంటేనే మోసపోకుండా ఉంటాడు.

ఈ పెట్టెలో ఉక్కు పళ్లచక్రాలు విరగడం అరుదు. అరిగేది కాగితం, గట్టిపడేది రబ్బరు, మురికిపట్టేది నూనె, తుప్పుపట్టేవి కరెంటు తీగల కొసలు. కాగితం అన్నది పోలిక కోసం వాడిన మాట కాదు. లోపలి క్లచ్ ప్లేట్లకు అంటించే ఘర్షణ పొర నిజంగానే సెల్యులోజ్ నారను జిగురు రసాయనంతో కలిపి చేసిన కాగితం, మందం మిల్లీమీటరు లోపే. ఇంట్లో ఏ పని సాధ్యం, ఏది కాదు అన్నది ఈ నాలుగింటిలో ఏది పాడైందన్న దాన్ని బట్టి ఉంటుంది. నూనె, తీగలు ఇంటి పని. రబ్బరు కొంతవరకు ఇంటి పని. కాగితం పోయిందంటే పెట్టె దించాల్సిందే.

పాత కథ

ఈ అలవాటుకు మూలం ఆటోమేటిక్ కన్నా పాతది. 1908 నుంచి 1927 దాకా కోటిన్నరకు పైగా తయారైన ఫోర్డ్ మోడల్ టీ కారులో గ్రహచక్రాల గేర్‌బాక్స్ ఉండేది. సూర్యుడి చుట్టూ గ్రహాల్లా నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే అమరిక అది. డ్రమ్ముల చుట్టూ మూడు ఉక్కు పట్టీలు, వాటి లోపల నూలు పొర. ఎడమ పెడలు తొక్కితే తక్కువ గేరు, నడిమి పెడలు తొక్కితే రివర్సు, కుడి పెడలు బ్రేకు. నూలు పొర తరచూ అరిగేది, అరిగినప్పుడల్లా రైతులే కాళ్ల దగ్గరి మూత తీసి పట్టీలు మార్చుకునేవారు. అందులో పెద్ద ప్రమాదం నట్టు చేజారి లోపల పడిపోవడం. ఫ్లైవీలుకు అమర్చిన అయస్కాంతాల మధ్యకు పోతే ఇక చెప్పనక్కర్లేదు. 1926 నమూనాలో పట్టీల చెవులు ఊడదీయడానికి వీలుగా మార్చాక పని కొంత సులువైంది.

జనరల్ మోటార్స్ 1940 ఓల్డ్స్‌మొబైల్‌తో హైడ్రా-మాటిక్‌ను తెచ్చింది. ఎక్కువ సంఖ్యలో అమ్ముడైన మొదటి సిసలైన ఆటోమేటిక్ ఇదే, నాలుగు గేర్లు. 1948లో బ్యూక్ డైనాఫ్లో టార్క్ కన్వర్టర్‌ను మామూలు కార్లలోకి తెచ్చింది. ఆ కన్వర్టర్ ఊహ మాత్రం ఓడలది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ ఓడ టర్బైన్ల కోసం 1905లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. 1956లో క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్, 1964లో జనరల్ మోటార్స్ టర్బో 400, 1969లో టర్బో 350 వచ్చాయి. అమెరికా ఇంటి మెకానిక్‌లు పని నేర్చుకున్నది ఈ తరం పెట్టెల మీదే. వాటిలో కంప్యూటరు లేదు, మొత్తం నూనె ఒత్తిడి లెక్కే.

ఆ కాలపు లోపాల్లో ఒకటి ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. టర్బో పెట్టెల పక్కన వాక్యూమ్ మాడ్యులేటర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. అందులో రబ్బరు పొర చిరిగితే ఇంజను గేర్‌బాక్స్ నూనెను పీల్చి కాల్చేస్తుంది. నేల మీద చుక్క కారదు, నూనె మాత్రం తగ్గుతూ ఉంటుంది, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంది. ఇంజను పోయిందని హడలిపోయినవారు ఎందరో. ఒక్క బోల్టు తీసి ఆ డబ్బా మార్చితే సరిపోయేది.

లోపల ఏముంది

ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకటి తిరిగితే, దాని గాలికి రెండోది తిరిగినట్టు, ఇక్కడ గాలికి బదులు నూనె పనిచేస్తుంది. మధ్యలో స్టేటర్ అనే మూడో చక్రం నూనెను సరైన కోణంలో వెనక్కి మళ్లించి, బండి కదిలేటప్పుడు బలాన్ని పెంచుతుంది. వేగం అందుకున్నాక లాకప్ క్లచ్ పడి రెండు వైపులా ఒకటై తిరుగుతాయి. ఆ తర్వాత గ్రహచక్రాల జతలు. వాటిలో ఏ చక్రాన్ని పట్టి ఉంచితే ఏ గేరు వస్తుందో క్లచ్ ప్లేట్ల దొంతరలు, పట్టీలు నిర్ణయిస్తాయి. వాటికి నూనె ఒత్తిడిని పంచేది వాల్వ్ బాడీ, చిట్టడవిలాంటి సన్నని దారులున్న అల్యూమినియం పలక. ఇప్పటి కార్లలో సోలినాయిడ్లు అనే విద్యుత్ కవాటాలు దాన్ని నడిపిస్తాయి, వాటిని టీసీఎం అనే చిన్న కంప్యూటరు నడిపిస్తుంది.

నూనె పంపు ఇంజనుతోనే తిరుగుతుంది. ఇంజను ఆగితే ఒత్తిడి లేదు, ఒత్తిడి లేకపోతే ఏ క్లచ్చూ పట్టుకోదు. ఆటోమేటిక్ కారును నలుగురు కలిసి తోసినా స్టార్ట్ కాకపోవడానికి కారణం అదే. నడిచే చక్రాలు నేల మీద ఉంచి దూరం లాక్కుపోతే పెట్టె పాడయ్యేది కూడా అందుకే, లోపల తిరిగే భాగాలకు నూనె అందదు.

గేర్‌బాక్స్ అనుకున్నది గేర్‌బాక్స్ కాకపోవచ్చు

లీవరు పి (పార్కింగ్) నుంచి కదలకపోతే ముందు బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడాలి. బ్రేకు తొక్కినట్టు స్విచ్చు చెప్పకపోతే లీవరు తాళం వదలదు. లీవరు పక్కన చిన్న మూత కింద దాన్ని విడిపించే మీట ఉంటుంది. లీవరు తేలిగ్గా కదులుతూ గేరు మాత్రం పడకపోతే కేబుల్ చివరి ప్లాస్టిక్ బుష్ ఊడి ఉండొచ్చు. పిలో స్టార్ట్ కాకుండా ఎన్‌లో స్టార్ట్ అయితే న్యూట్రల్ స్విచ్చు మీద అనుమానం పెట్టుకోవాలి. డి (డ్రైవ్) వేయగానే ధన్‌మని శబ్దం వస్తే ఇంజను మౌంటు రబ్బరు తెగి ఉండొచ్చు. బ్యాటరీ బలహీనపడినా, ఎర్తు తీగ వదులైనా గేర్లు పిచ్చిపిచ్చిగా పడతాయి. వీటిలో ఏదీ గేర్‌బాక్స్ జబ్బు కాదు. అయినా వీటి కోసమే పెట్టెలు దించి బిల్లు వేసిన షెడ్లు లేకపోలేదు.

తర్వాతి మెట్టు కంప్యూటరు ఏం చెబుతోందో వినడం. అమెరికాలో 1996 నుంచి అమ్మే కార్లన్నిటికీ ఓబీడీ-2 సాకెట్ తప్పనిసరి, ఇప్పటి భారతీయ కార్లలోనూ అది స్టీరింగు కింద ఉంటుంది. పి0700 అంటే గేర్‌బాక్స్ కంప్యూటరులో ఏదో లోపం నమోదైందని మాత్రమే. అసలు విషయం దాని వెంట ఉన్న కోడ్ చెబుతుంది. పి0715 ఇన్‌పుట్ వేగ సెన్సర్‌ది, పి0740 లాకప్ క్లచ్ సర్క్యూట్‌ది, పి0750 మొదటి షిఫ్ట్ సోలినాయిడ్‌ది, పి0730 గేరు నిష్పత్తి తప్పిందని. చవక రీడర్లు చాలావరకు ఇంజను కోడ్‌లు చదివి ఊరుకుంటాయి, గేర్‌బాక్స్ కంప్యూటరుతో మాట్లాడగలిగేదే తీసుకోవాలి. కోడ్ సోలినాయిడ్ పేరు చెప్పినంత మాత్రాన సోలినాయిడే పోయిందని కాదు. దానికి వెళ్లే తీగ, కనెక్టరు కూడా అందులో భాగమే. మల్టీమీటరుతో కొలిస్తే ఆన్-ఆఫ్ సోలినాయిడ్లు సాధారణంగా 10 నుంచి 30 ఓమ్‌ల మధ్య, ఒత్తిడిని సర్దేవి 5 ఓమ్‌ల దరిదాపుల్లో చూపిస్తాయి. ఖచ్చితమైన అంకె ఆ కారు సర్వీస్ మాన్యువల్‌దే.

మూడోది చేతికి, ముక్కుకు తెలిసేది. 60, 80 కిలోమీటర్ల వేగంలో వరస స్పీడ్ బ్రేకర్ల మీద పోతున్నట్టు సన్నగా వణికితే లాకప్ క్లచ్ పట్టు జారుతోందని గుర్తు. చాలాసార్లు నూనె మార్పుతోనే తగ్గుతుంది. రాత్రంతా నిలిపిన కారు పొద్దున్నే డి వేశాక రెండు మూడు సెకన్లు ఆలోచించి కదిలితే నూనె తగ్గి అయినా ఉండాలి, సీళ్లు గట్టిపడి అయినా ఉండాలి. ఇంజను అరుస్తూ బండి ముందుకు పోకపోవడం, రెండు నుంచి మూడుకు మారేటప్పుడు జారడం, నూనె నల్లబడి మాడిన వాసన రావడం మూడూ కలిస్తే కాగితం పోయినట్టే. ఎప్పుడూ ఒకే గేరులో, ఎక్కువగా మూడులో, ఇరుక్కుపోతే అది రక్షణ పద్ధతి. కంప్యూటరు భయపడి మిమ్మల్ని ఇంటికి చేర్చే ప్రయత్నం చేస్తోంది.

బ్రేకు, యాక్సిలరేటరు రెండూ పూర్తిగా తొక్కి ఇంజను ఎన్ని చుట్ల దగ్గర ఆగుతుందో చూసే స్టాల్ పరీక్ష పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. ఐదు సెకన్లు దాటితే కన్వర్టర్‌లో నూనె మాడుతుంది, బ్రేకు వదులైతే కారు గోడ ఎక్కుతుంది. ఇంటి ముంగిట్లో దీన్ని మానుకోవడమే మంచిది.

నూనె మార్పు

ఇంటి మరమ్మతులో నూటికి తొంభై పాళ్ల లాభం ఇక్కడే ఉంది, అందుకే దీని గురించి కాస్త విస్తరంగా.

ఏటీఎఫ్ అనే ఈ ద్రవం ఒకేసారి ఐదారు పనులు చేస్తుంది. బలాన్ని మోస్తుంది, వేడిని తీసుకుపోతుంది, చక్రాలకు కందెనవుతుంది, కవాటాలను నెడుతుంది, క్లచ్ ప్లేట్లు ఎంత జారాలో ఎంత పట్టుకోవాలో కూడా అదే నిర్ణయిస్తుంది. చివరి పని కోసం కలిపే రసాయనాల చరిత్ర విచిత్రమైనది. 1949లో జనరల్ మోటార్స్ టైప్-ఎ ప్రమాణాన్ని తెచ్చింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆ జారుడు గుణం కోసం స్పెర్మ్ తిమింగలం నూనె వాడేవారు. 1970ల తొలి ఏళ్లలో అమెరికా తిమింగలాల రక్షణకు ఆ నూనెను నిషేధించాక ప్రత్యామ్నాయాలు వెతకాల్సి వచ్చింది, జనరల్ మోటార్స్ డెక్స్రాన్-2 ప్రమాణం అలా వచ్చినదే. ఆ తర్వాత ఒక్కో కంపెనీది ఒక్కో నూనె అయింది. టొయోటాకు డబ్ల్యూఎస్, హోండాకు డీడబ్ల్యూ-1, నిస్సాన్ సీవీటీకి (గేర్లకు బదులు బెల్టుతో నడిచే పెట్టెకు) ఎన్ఎస్-3. అన్నిటికీ సరిపోతుందని డబ్బా మీద రాసి ఉన్నది కొని పోయడం కొందరికి కలిసొస్తుంది, సీవీటీలో మాత్రం ఆ సాహసం చేయకూడదు.

జీవితకాలపు నూనె, మార్చనక్కర్లేదు అని కొన్ని కారు కంపెనీలు చెబుతాయి. అదే పెట్టెలను తయారుచేసి వాళ్లకు అమ్మే జర్మన్ సంస్థ జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకో, ఎనిమిదేళ్లకో మార్చమంటుంది. ఎవరి మాట నమ్మాలో వేరే చెప్పాలా?

కారును చదునైన నేల మీద నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టాలి. జాకీ ఎత్తడానికే, దాన్ని నమ్ముకుని కింద దూరకూడదు. నూనె గోరువెచ్చగా ఉంటే చాలు. బండి నడిచి వచ్చినప్పుడు అది 80, 90 డిగ్రీల్లో ఉంటుంది, చేయి కాలుతుంది. ముందు విప్పాల్సింది నింపే బోల్టు, కార్చే బోల్టు కాదు. నింపే బోల్టు తుప్పుపట్టి రాకపోతే నూనె కార్చేసిన కారు అక్కడే కూర్చుంటుంది. కారిన నూనెను కొలపాత్రలో పట్టి ఎంత వచ్చిందో రాసుకోవాలి. మొత్తం ఏడెనిమిది లీటర్లు పట్టే పెట్టెలో కిందికి వచ్చేది మూడు నాలుగు లీటర్లే, మిగతాది కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉండిపోతుంది. అందుకే కొన్ని వందల కిలోమీటర్ల ఎడంతో రెండు మూడుసార్లు మార్చేవారున్నారు. కూలర్ గొట్టం ఊడదీసి ఇంజను తిప్పుతూ లీటరు కారితే లీటరు పోసే పద్ధతి వేగంగా పని ముగిస్తుంది. పోసేవాడు ఒక్క నిమిషం పరధ్యానంలో పడితే పంపు ఎండిపోతుంది.

అడుగు చాంబరు దించేటప్పుడు ఒక మూల బోల్టులు ముందు వదులు చేస్తే మిగిలిన నూనె ఆ మూల నుంచి మర్యాదగా దిగుతుంది. చాంబరు లోపల అయస్కాంతాలుంటాయి. వాటికి బూడిదరంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. వేళ్ల మధ్య గరగరలాడే మెరిసే రేకులు, సూదిలాంటి రోలర్లు, నల్లటి కాగితపు పొట్టు కనిపిస్తే అక్కడితో ఆగి డబ్బు లెక్క వేసుకోవాలి. పాత ఫిల్టరు మెడ దగ్గరి సీలు చాలాసార్లు ఫిల్టరుతో రాకుండా పైనే అతుక్కుని ఉండిపోతుంది. అది చూడకుండా దాని మీదే కొత్తది కూరితే పంపు గాలి పీల్చి నూనె నురుగెత్తుతుంది. కొత్త ప్యాకింగ్ పొడిగానే పెట్టాలి. దానికి సిలికాన్ పేస్టు దట్టంగా పూసే అలవాటు మన షెడ్లలో ఉంది, ఊడిన ముక్క కవాటం దారిలో పడితే గేరు మారదు. చాంబరు బోల్టులకు చాలా పెట్టెల్లో 10 న్యూటన్ మీటర్ల బిగింపే ఎక్కువ. కండబలం చూపిస్తే అల్యూమినియం మరలు పోతాయి, రేకు చాంబరు వంగి శాశ్వతంగా కారుతుంది.

నూనె మట్టం చూసే తీరు కారు కారుకూ మారుతుంది. డిప్ స్టిక్ ఉన్న పాత కార్లలో ఇంజను వేడిగా తిరుగుతుండగా, గేర్లన్నీ ఒకసారి వేసి, పిలో పెట్టి చూస్తారు. హోండాల్లో ఇంజను ఆపి నిమిషం, నిమిషంన్నర లోపు చూడాలి. డిప్ స్టిక్ లేని కొత్తవాటిలో ఇంజను తిరుగుతుండగా, నూనె 40 డిగ్రీలకు అటూ ఇటూ ఉన్నప్పుడు మట్టం బోల్టు విప్పితే సన్నధార కారి చుక్కలుగా మారాలి. ఉష్ణోగ్రతను స్కానర్‌లోనే చూడాలి. ఎక్కువ పోస్తే ఏమవుతుందిలే అనుకోవద్దు. తిరిగే చక్రాలు కవ్వంలా చిలికి నురుగు చేస్తాయి, నురుగుకు ఒత్తిడి ఉండదు.

నూనె మార్చిన వారానికే పెట్టె పోయిందన్న కథలు ప్రతి ఊళ్లో వినిపిస్తాయి. అవి పూర్తిగా అబద్ధాలు కావు. ప్లేట్ల కాగితం అప్పటికే పోయి, దాని పొడి నూనెలో తేలుతూ కాస్త పట్టు ఇస్తున్నప్పుడు కొత్త నూనె ఆ పొడిని కడిగేస్తుంది. చావుకు దగ్గరైన పెట్టెకు నూనె మార్పు మందు కాదన్నదే దాని అర్థం. జారుడు ఆపుతామనే సీసా మందులు గట్టిపడిన రబ్బరును కొంచెం ఉబ్బించి కొన్నాళ్లు గడుపుతాయి, పోయిన కాగితాన్ని తెచ్చిపెట్టలేవు.

నూనె పాలలాంటి గులాబీ రంగులోకి మారితే కథ వేరు. రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంటు కలిసిందని అర్థం. నీరు, గ్లైకాల్ తగిలితే కాగితపు పొర జిగురు వదిలేస్తుంది. రేడియేటర్ ఒక్కటే మార్చి బండి నడిపితే కొద్ది నెలల్లో పెట్టె కూడా పోవడం మామూలే.

పెట్టె దించితే

వాల్వ్ బాడీని చాలా కార్లలో కింది నుంచే విప్పవచ్చు, సోలినాయిడ్లు మార్చడానికి పెట్టె దించనక్కర్లేదు. ఓపిక ఉన్నవాళ్ల ఇంటి పని ఇక్కడితో ఆగడం న్యాయం. ఆపైన పని బరువుతో, కొలతలతో కూడినది. ఇంటి మెకానిక్‌లకు దారిచూపే హేన్స్ పుస్తకాలు కూడా మామూలు సంపుటాల్లో గేర్‌బాక్స్ లోపలి పనిని నిపుణులకు వదిలేయమనే చెబుతాయి. అదే సంస్థ అమెరికా పెట్టెల ఓవర్‌హాల్ మీద ప్రత్యేక పుస్తకాలు కూడా వేసింది.

పెట్టె బరువు 60 నుంచి 90 కిలోలు. చేతులతో దించుతామనే ఇద్దరు మిత్రులున్నా గేర్‌బాక్స్ జాకీ అద్దెకు తెచ్చుకోవడమే తెలివి. కన్వర్టర్‌ను ఇంజను వెనకుండే ఫ్లెక్స్ ప్లేటుకు పట్టి ఉంచే బోల్టులను సెల్ఫ్ మోటారు సందులోంచో కింది మూతలోంచో ఒక్కొక్కటే తిప్పుకుంటూ తీయాలి, అది పెట్టెతో పాటే దిగాలి. లోపలి భాగాలు వచ్చిన వరసలోనే పరుచుకోవాలి. చిన్న కవాటాలు, స్ప్రింగులకు ఇడ్లీ రేకుల గుంటలు బాగా పనికొస్తాయి. తుడవడానికి పాత పంచె ముక్కలు వాడకూడదు, నూలు పోగు ఒక్కటి కవాటాన్ని ఇరికించగలదు. కొత్త ఘర్షణ ప్లేట్లను బిగించే ముందు కనీసం అరగంట ఏటీఎఫ్‌లో నానబెట్టాలి. ఉక్కు గోళీలు, సీళ్లు జారిపోకుండా నిలపడానికి వ్యాజిలీన్ వాడతారు. అది నూనెలో కరిగిపోతుంది, చక్రాలకు పూసే గ్రీజు కరగదు. ప్లేట్ల దొంతర ఖాళీని ఫీలర్ గేజ్‌తో, షాఫ్టు ముందువెనుకల ఆటను డయల్ గేజ్‌తో కొలవాలి. కొలత లేకుండా బిగించింది మరమ్మతు కాదు, జూదం.

ఎక్కువమంది పప్పులో కాలేసేది చివర్లో. కన్వర్టర్‌ను పెట్టెలోకి తోసి తిప్పుతుంటే షాఫ్టు, స్టేటర్ కొస, పంపు గాడి ఒక్కొక్కటీ పట్టుకుంటూ అది మెట్లు దిగినట్టు లోపలికి పోతుంది. పంపు గాడి పట్టకముందే పెట్టెను ఇంజనుకు చేర్చి బోల్టులతో లాగి బిగిస్తే, స్టార్ట్ చేసిన క్షణంలో పంపు ముక్కలవుతుంది. పెట్టె అంచుకు ఇనుప స్కేలు అడ్డంగా పెట్టి లోతు కొలుచుకోవడం రెండు నిమిషాల పని. పాత కన్వర్టర్ వెల్డు చేసిన డొల్ల, ఇంట్లో కడగడం కుదరదు. మాడిన పెట్టె నుంచి తీసిన కన్వర్టర్‌ను, కడగని కూలర్‌ను తిరిగి వాడితే పాత చెత్తంతా కొత్త ప్లేట్ల మీదికి చేరుతుంది.

వేరే జాతులు

భారతదేశంలో ఆటోమేటిక్ అనే పేరుతో తిరిగే కార్లలో చాలావాటికి పైన చెప్పిన అమరిక లేదు. 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీ మామూలు మాన్యువల్ పెట్టే, క్లచ్ తొక్కేదీ గేరు మార్చేదీ యంత్రపు చేయి. దాన్లో అరిగేది మామూలు క్లచ్ ప్లేటే. ఆటోనగర్ చేతులకు తెలిసిన పనే, కాకపోతే కొత్త ప్లేటు వేశాక స్కానర్‌తో క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో కంప్యూటరుకు నేర్పాలి. సీవీటీలో గేర్లే లేవు. వెడల్పు మారే రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. నెదర్లాండ్స్‌లో హుబ్ వాన్ డోర్న్ 1958 డాఫ్ 600 కారులో రబ్బరు బెల్టుతో దీన్ని మొదలుపెట్టాడు. నూనె మార్పు, ఫిల్టరు దాటి సీవీటీలో ఇంటి పని లేదు. డీసీటీ రెండు క్లచ్‌ల పెట్టె. ఫోక్స్‌వాగన్ ఏడు గేర్ల డ్రై క్లచ్ పెట్టెలో సింథటిక్ నూనె వల్ల కరెంటు లోపాలు వస్తున్నాయని 2013లో ఆ కంపెనీ ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లను వెనక్కి పిలిచి మినరల్ నూనె పోసింది. దాని క్లచ్ మార్చడానికి ప్రత్యేక పుల్లర్లు, షిమ్ కొలతలు కావాలి.

సమాచారం, విడిభాగాలు

అమెరికాలో విడి సీళ్ల కిట్ల నుంచి వాల్వ్ బాడీ అరుగుదలను సరిచేసే బుష్‌ల దాకా కొరియర్‌లో ఇంటికి వస్తాయి. మయామీలోని ఏటీఎస్‌జీ ఒక్కో పెట్టెకు ఒక్కో మాన్యువల్ అచ్చు వేస్తుంది. మన దగ్గర అసలు చిక్కు నైపుణ్యం కన్నా విడిభాగమే. కార్ల కంపెనీలు విడిభాగాలనూ డయాగ్నస్టిక్ పరికరాలనూ బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ తెరిచిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో కార్లు కూడా ఉన్నాయి. అయినా ఆరు గేర్ల ఆటోమేటిక్‌కు ప్లేట్ల సెట్టు కావాలంటే ఇప్పటికీ చాలామంది పాత కార్ల నుంచి తీసిన పూర్తి పెట్టెనే వెతుకుతారు.

పని ముగిశాక మిగిలేది ఐదారు లీటర్ల వాడిన నూనె. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అది నమోదైన రీసైక్లర్‌కు చేరాలి. కొత్త నూనె వచ్చిన డబ్బాల్లోనే తిరిగి పోసి, మూత బిగించి, తీసుకునే సర్వీసు సెంటరుకు ఇవ్వడం తేలికైన దారి. డ్రైనేజీలో పోసినా, చెదలు పట్టవని తలుపు చెక్కలకు పూసినా అది చివరికి నేలలోకే ఇంకుతుంది.